ఇరవై తర్వాత ఎదగడం గురించి

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం టీచర్లు, ఉద్యోగులు, గృహిణులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో, బీఈడీ కళాశాలలో పనిచేసి రిటైరైన అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డ వాళ్లు వచ్చి కూర్చోండి. పర్వాలేదు, రండి.

నేను ఇరవై ఎనిమిదేళ్లు బీఈడీ పిల్లలకు మనోవిజ్ఞాన శాస్త్రం చెప్పాను. పిల్లలు అనడం అలవాటు గానీ, వాళ్లు పిల్లలు కారు. ఇరవై రెండు, ఇరవై ఐదు, కొందరికి ముప్పై దాటేది. పసిబిడ్డను బయట అమ్మమ్మ చేతుల్లో పెట్టి లోపల పరీక్ష రాసిన అమ్మాయిలు నాకు చాలామంది గుర్తున్నారు. మా సిలబస్ శైశవంతో మొదలై కౌమారంతో ఆగిపోయేది. కాబోయే టీచర్లకు బడి పిల్లల గురించి తెలియాలి, అందుకని అంతవరకే పెట్టారు. కానీ ఆ చివరి పాఠం అయిపోయిన రోజు ఏటా నాకు ఒకే ఆలోచన వచ్చేది. ఈ గదిలో కూర్చున్న ఒక్కరి వయసు గురించి కూడా ఈ పుస్తకంలో ఒక్క వాక్యం లేదు కదా అని.

అంగన్‌వాడీలో బిడ్డను నెలనెలా తూకం వేస్తారు, కార్డు మీద చుక్క పెడతారు. చుక్క కిందికి జారితే ఆయమ్మ ఇంటికొచ్చి అడుగుతుంది. బడిలో ఎత్తు కొలుస్తారు, మార్కులు కొలుస్తారు. పద్దెనిమిది దాటాక మనల్ని చూసేవాళ్లు ఉండరు. నలభై ఏళ్ల మనిషిని అందరూ అడిగేది ఒక్కటే: పిల్లలు ఏం చదువుతున్నారు, అమ్మానాన్నల ఆరోగ్యం ఎట్లా ఉంది. నువ్వెట్లా ఉన్నావు అని అడిగినా, బాగున్నా అనే జవాబు కోసమే అడుగుతారు. ఆ మనిషి కూడా ఇంకా మారుతున్నాడు, అతని ఒళ్లు మారుతోంది, ఆలోచించే తీరు మారుతోంది, మనుషులతో సంబంధం మారుతోంది. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ మార్పు గురించే.

పుస్తకాల లెక్క ప్రకారం ఇరవై నుంచి నలభై దాకా పూర్వ వయోజన దశ, నలభై నుంచి అరవై, అరవై ఐదు దాకా మధ్య వయోజన దశ. మనం వయసు, నడి వయసు అంటాం. అయితే ఈ గీతలు మన ఇళ్లలో ఎట్లా ఉంటాయో చూడండి.

మా చిన్నమ్మ కూతురు ఒకామె. పద్దెనిమిది నిండగానే పెళ్లి. ఇరవై రెండుకి ఇద్దరు పిల్లలు. ఇరవై మూడుకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. నలభై రెండుకి అమ్మమ్మ. అదే ఇంట్లో ఆమె మరిది కొడుకు బీటెక్ చేసి గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యాడు. రాష్ట్రం 2014లో వచ్చింది, మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. తర్వాత ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్. ఇరవై రెండేళ్లప్పుడు పుస్తకం పట్టిన పిల్లవాడికి ముప్పై రెండు వచ్చేసింది. పెళ్లి లేదు, సంపాదన లేదు, అమ్మ పంపే డబ్బుతో రూమ్ కిరాయి కడతాడు. దసరాకి ఇంటికి రావాలంటే ముఖం చెల్లదు అంటాడు. ఒకరికి వయసు అనేది రాకుండానే నడి వయసు వచ్చింది. ఇంకొకరికి కౌమారమే పదేళ్లు సాగింది.

జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికన్ పరిశోధకుడు 2000 సంవత్సరంలో ఈ సాగిన కాలానికి ఒక పేరు పెట్టాడు. పెద్దవాళ్లం అవుతున్నాం కానీ ఇంకా కాలేదు అనిపించే దశ అని దాని అర్థం. అక్కడి యువత ఆ దశలో రకరకాల ఉద్యోగాలు, ఊళ్లు, స్నేహాలు ప్రయత్నించి చూసుకుంటుంది. మన పిల్లలకి ఆ ప్రయత్నించే వీలు ఉండటం లేదు. స్టడీ హాల్లో ఒకే కుర్చీలో ఒకే ప్రయత్నం. ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది. ఆ పిల్లవాడు పదేళ్లు వృథా చేశాడని మనం అంటుంటే అతను వింటున్నాడు. ఇంట్లో అట్లాంటి వాళ్లుంటే దయచేసి ఆ మాట అనకండి. అతను ఆ పదేళ్లలో చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజ్యాంగం చదివాడు, ఓడిపోయి మళ్లీ కూర్చోవడం నేర్చుకున్నాడు. అది ఎక్కడికీ పోదు.

ఇంకో సంగతి. ముందుచూపు, ఆవేశాన్ని ఆపుకోవడం, లాభనష్టాలు బేరీజు వేయడం — వీటిని నడిపే మెదడు ముందు భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి సుమారు ఇరవై ఐదేళ్లు పడుతుంది. పద్దెనిమిదికి చట్టం ఆడపిల్లను పెళ్లి చేసుకోనిస్తుంది, అందరినీ ఓటు వేయనిస్తుంది. మెదడు మాత్రం ఇంకా కడుతున్న ఇల్లే. ఇరవై ఏళ్ల కొత్త కోడలు ఒక మాట తొందరపడి అంటే, దాన్ని పెంపకం మీదికి తీసుకెళ్లే ముందు ఈ విషయం గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇక ఒళ్లు.

ఇరవైల్లో శరీరం నిండుగా ఉంటుంది. కండ, ఊపిరి, చూపు, కోలుకునే శక్తి అన్నీ ఆ వయసులో పై మెట్టు మీద ఉంటాయి. ఎముక గట్టిపడటం ముప్పై దగ్గరికి వచ్చేసరికి దాదాపు పూర్తవుతుంది. అప్పటిదాకా ఎంత దాచుకున్నామో అదే జీవితాంతం ఖర్చు పెట్టుకునే మూలధనం. ముప్పై దాటాక పదేళ్లకోసారి లెక్క చూస్తే కండ బరువు మూడు నుంచి ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. అద్దంలో కనబడదు, ఎందుకంటే ఆ జాగాలో కొవ్వు చేరుతుంది, తూకం అంతే ఉంటుంది లేదా పెరుగుతుంది. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసవుతుంది, దగ్గరి అక్షరం కనబడదు. నేను జవాబు పత్రాలను దూరం జరుపుకుంటూ జరుపుకుంటూ చేయి చాచినంత దూరం పెట్టుకున్న రోజు అద్దాలు తెచ్చుకున్నాను. అది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. కానీ బట్టలు కుట్టే ఆమె, మగ్గం నేసే ఆయన, సూదిలోకి దారం ఎక్కక పనే మానుకున్న వాళ్లు నాకు తెలుసు. కొన్ని వందల రూపాయల కళ్లద్దాలతో పోయే ఇబ్బంది అది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది షుగర్ గడప దగ్గర ఉన్నారు. బీపీ ఉన్నవాళ్లు పెద్దల్లో వందకు 35 మంది పైనే. ఈ రెండూ నొప్పి పెట్టవు, అందుకే ఏళ్ల తరబడి తెలియవు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి చూపించుకోవాలి. పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో ఉచితంగానే చూస్తారు. పబ్లిక్ గార్డెన్‌లో, కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లని చూస్తే నాకు సంతోషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన కదలిక ఉండాలంటుంది. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండకు బరువు తగిలే పని చేయాలని కూడా చెప్తుంది. ఆ రెండో మాట మనవాళ్లు వదిలేస్తున్నారు. గుంజీలు తీయండి, నీళ్ల బకెట్ ఎత్తండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి. ఆడవాళ్లకైతే ఇది మరీ అవసరం, ఎందుకో చెప్తాను.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ విషయం చెప్పడానికే నేను ఈ రోజు ఒప్పుకున్నాను.

నాకు నలభై ఏడేళ్లప్పుడు క్లాసులో పాఠం చెప్తుంటే ఛాతీ దగ్గర మొదలై ముఖం దాకా సెగ కొట్టింది. చెమట, గుండె దడ. రాత్రి నిద్ర లేదు. చిన్న మాటకే కళ్లల్లో నీళ్లు. గుండె జబ్బు అనుకుని ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఈసీజీ తీశారు, బాగుంది అన్నారు, టెన్షన్ తగ్గించుకోమని నిద్ర మాత్రలు రాశారు. నెలసరి ఎట్లా ఉందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. మనోవిజ్ఞానం చెప్పే నాకే ఆ రెండింటినీ కలిపి చూడాలని తట్టలేదు. ఎనిమిది నెలల తర్వాత తోటి అధ్యాపకురాలు ఒకామె, “ఇది నెలసరి ఆగే ముందు వచ్చేది అక్కా, నాకూ ఇట్లనే అయింది” అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది నెలలు నేను పిచ్చిదాన్నవుతున్నానేమో అని భయపడ్డాను. మన దేశంలో స్త్రీలకు నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47 ప్రాంతం. పడమటి దేశాల్లో 51 దాకా ఉంటుంది. మనకు ముందే వస్తుంది, మనం మాత్రం అసలు మాట్లాడుకోం. ఇంట్లో మగవాళ్లకు చెప్పండి. చెప్పకపోతే వాళ్లకు కోపం మాత్రమే కనబడుతుంది, కారణం కనబడదు.

ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. గర్భసంచి తీయించుకోవడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. తెలంగాణలో దాదాపు 8 శాతం. ఆంధ్రప్రదేశ్, మనం ఈ లెక్కలో దేశంలోనే ముందున్నాం. నా స్టూడెంట్లలో చాలామంది తల్లులకు ముప్పై ఐదు లోపలే అయింది. ఎందుకు తీయించుకున్నారమ్మా అంటే తెల్లబట్ట అంటారు, నడుము నొప్పి అంటారు, క్యాన్సర్ వస్తుందని భయపెట్టారంటారు. పిల్లలు పుట్టడం అయిపోయింది, ఇక అదెందుకు అంటారు. మిరప చేనులో, పత్తి చేనులో రోజంతా వంగి పనిచేసే మనిషికి నెలకు నాలుగు రోజుల రక్తస్రావం ఎంత కష్టమో, కూలి పోతే ఎంత నష్టమో నాకు తెలుసు. ఆమెను నేను తప్పు పట్టను.

కానీ ఆమెకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, నలభై ఏడుకి మెల్లగా రావలసిన మార్పు ముప్పై ఐదుకి ఒక్క రోజులో వస్తుంది. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ దాదాపు ఆగిపోతుంది. ఎముక కరగడం పన్నెండేళ్లు ముందే మొదలవుతుంది, గుండెకు ఉన్న రక్షణ పోతుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి అనుకున్న దానికంటే ముందే పని ఆపుతాయి. నలభై ఐదేళ్లకే మోకాళ్లు పట్టుకుని లేచే ఆడవాళ్లని మనం రోజూ చూస్తున్నాం. గడ్డలు పెద్దవైతే, మందులకు ఆగని రక్తస్రావమైతే, క్యాన్సరైతే ఆపరేషన్ తప్పదు, అప్పుడు ఆలస్యం చేయకూడదు. తెల్లబట్టకు, నడుము నొప్పికి మాత్రం వేరే వైద్యం ఉంది. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరైనా ఆ ఆపరేషన్‌కి పోతున్నామంటే ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పెద్ద సర్కారు దవాఖానాలో చూపించండి. అండాశయాలు తీస్తారా ఉంచుతారా అని ముందే అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగడం నేర్పితే ఈ రోజు మనం ఇక్కడికి వచ్చినందుకు సరిపోతుంది నాకు.

మంచినీళ్లు తాగి మొదలుపెడతాను.

ఇప్పుడు బుద్ధి గురించి. “మొక్కై వంగనిది మానై వంగునా” అని మనకు సామెత. పిల్లలను చిన్నప్పుడే దిద్దాలని చెప్పడానికి పుట్టిన మాట అది. మనం దాన్ని పెద్దవాళ్ల మీద వాడుతున్నాం, ఈ వయసులో నీకెందుకు అనడానికి.

మా మేనమామ ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు, వరంగల్‌లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది. ఆయన నూలు వడికే విభాగంలో ఉండేవాడు. మిల్లు మూతపడినప్పుడు ఆయనకు నలభై ఎనిమిది. ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. ఎవరితో మాట్లాడేవాడు కాదు, సైరన్ మోగే టైముకి అలవాటుగా లేచి వాకిట్లో నిలబడేవాడని మా అత్తమ్మ చెప్పేది. తర్వాత కొత్తవాడలో దరీలు నేసే ఒక కుర్రాడి దగ్గర మగ్గం నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ఆ కుర్రాడికి పాతికేళ్లు. వాడ వాళ్లు, “గీ వయసుల గిప్పుడు నేర్చుకునుడేంది మామా” అన్నారట. మొదటి ఏడాది ఆయన చేయి మెల్లగా సాగింది. కుర్రాడు రెండు రోజుల్లో దించేది ఈయనకు నాలుగు రోజులు పట్టేది. కానీ నూలు విషయంలో ఆయనకు సాటి లేరు. పోగు వేళ్ల మధ్య తిప్పి కౌంటు, అంటే నూలు ఎంత సన్నమో, చెప్పేవాడు. తడిసిన నూలు, నాసి నూలు చేతిలోకి తీసుకోగానే పక్కన పడేసేవాడు. మూడో ఏడాదికి ఆ కుర్రాడే నూలు కొనడానికి ఈయనను వెంట తీసుకెళ్లేవాడు. (చప్పట్లు)

దీన్నే మనోవిజ్ఞానంలో రేమండ్ కాటెల్, జాన్ హార్న్ రెండు రకాల ప్రజ్ఞగా చెప్పారు. కొత్త సమస్యను చప్పున పట్టుకునేది ద్రవ ప్రజ్ఞ. బతికిన కాలమంతా పోగై గట్టిపడింది స్ఫటిక ప్రజ్ఞ. మొదటిది యవ్వనంలో ఎక్కువ, తర్వాత మెల్లగా తగ్గుతుంది. రెండోది యాభైలు, అరవైల దాకా పెరుగుతూనే ఉంటుంది. వార్నర్ షాయీ అనే శాస్త్రవేత్త 1956లో అమెరికాలోని సియాటెల్‌లో ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. ఏడేళ్లకోసారి అవే మనుషులను మళ్లీ పరీక్షించాడు, కొత్తవాళ్లను కూడా చేర్చుకుంటూ పోయాడు. కంటితో చూసి వెంటనే గుర్తించే వేగం పాతికేళ్ల నుంచే తగ్గుతూ వచ్చింది. పదసంపద, తర్కం, మాటలను గుర్తుంచుకునే శక్తి మాత్రం నడి వయసులోనే పై మెట్టుకు చేరాయి. అంటే మా మామ చేయి నిదానం, వేలి తెలివి, రెండూ ఆ లెక్కలో ఉన్నాయి. కొత్త ఫోన్ నేర్చుకోవడానికి మీకు మీ అబ్బాయి కంటే ఎక్కువ సేపు పడుతుంది, నిజమే. ఆ ఫోన్‌లో వచ్చిన లోన్ మెసేజ్ మోసమా కాదా అన్నది మీరే ముందు పసిగట్టవచ్చు.

ఇంకోటి కూడా మారుతుంది. ఇరవై ఏళ్ల మనిషికి ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. అన్నదమ్ముల భూమి పంపకంలో కూర్చున్న నలభై ఐదేళ్ల మనిషిని చూడండి. పెద్దన్న చదువు మానేసి సేద్యం చేశాడు కాబట్టి ఎక్కువ కావాలంటాడు. చిన్నవాడు అందరికీ సమానమే కదా అంటాడు. చెల్లెలు నాకూ హక్కుంది అంటుంది. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉందని తెలిసి, అయినా ఏదో ఒకటి తేల్చి, రేపు ముగ్గురూ ఒకే పెళ్లిలో బంతికి కూర్చునేట్టు చేయాలి. ఆ ఆలోచన ఏ పరీక్షలోనూ మార్కులకు రాదు.

సాంఘిక వికాసం అనగానే ఎరిక్ ఎరిక్సన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పేరు చెప్పాలి. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. ఆరోది యవ్వనంలో: ఇంకో మనిషికి నిజంగా దగ్గర కాగలనా, లేక ఒంటరిగా మిగిలిపోతానా. ఏడోది నడి వయసులో: నా తర్వాతి వాళ్లకు ఏమైనా ఇవ్వగలనా, లేక నాలోనే ఆగిపోతానా. ఉత్పాదకత, స్తబ్ధత అని పుస్తకాల్లో రాస్తారు. మొదటి మాట ఫ్యాక్టరీ మాటలా ఉంటుంది, నాకు నచ్చదు. బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి. నడి వయసు ఆమె ఒకరు పాట ఎత్తుకుంటుంది, చుట్టూ తిరిగేవాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఆ ఎత్తుకునే ఆమె ఒకప్పుడు చివరి వరుసలో అందుకున్న పిల్లే. ఎరిక్సన్ చెప్పింది నాకు అట్లా అర్థమవుతుంది. సొంత బిడ్డలు ఉండాలనే షరతు కూడా దానికి లేదు.

ఆరో దశ గురించి మన దగ్గర వేరుగా మాట్లాడాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్లలో పెళ్లయిన ఏడాదికే భర్త దుబాయ్, మస్కట్ పోతాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. ఇరవై నాలుగుకి పోయినవాడు నలభై ఐదుకి తిరిగొస్తాడు. ఇరవై ఏళ్లలో వాళ్లిద్దరూ కలిసున్నది లెక్కేస్తే రెండేళ్లు కూడా కాదు. ఆ ఇరవై ఏళ్లు అతను క్యాంపు గదిలో ఎనిమిది మందితో బతికాడు. ఆమె ఇక్కడ బ్యాంకుకు పోయింది, ఇల్లు కట్టించింది, మామ చనిపోతే కర్మకాండలు చూసింది, బిడ్డ పెళ్లి మాట్లాడింది. ఇద్దరూ ఎదిగారు, వేరువేరుగా. తిరిగొచ్చాక అతనికి తన ఇంట్లో తానే చుట్టంలా అనిపిస్తుంది. పంచదార డబ్బా ఎక్కడుందో తెలియదు, అడిగితే అవమానం. ఆమెకు ఇన్నాళ్లూ తన చేతిలో ఉన్న నిర్ణయం ఇప్పుడు అడిగి చేయాలంటే కష్టం. ఊళ్లో అందరూ డబ్బు ఎంత తెచ్చాడని అడుగుతారు. ఆ ఇద్దరూ మళ్లీ పరిచయం చేసుకోవాలి, దానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది, పడనివ్వండి అని చెప్పేవాళ్లు ఉండరు.

రాబర్ట్ హావిగర్‌స్ట్ అని ఇంకొక పండితుడు ప్రతి వయసుకీ కొన్ని వికాస కృత్యాలు, అంటే ఆ వయసులో నేర్చుకోవాల్సిన పనులు, చెప్పాడు. నడి వయసు కృత్యాల్లో ఒకటి, భార్యను గానీ భర్తను గానీ ఒక వ్యక్తిగా చూడటం. పిల్లల తల్లి, డబ్బు పంపే మనిషి, ఇవన్నీ పక్కన పెట్టి. చదివేటప్పుడు ఇది మామూలు మాట అనిపించింది. ఇప్పుడు మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే అనిపిస్తోంది.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1938లో మొదలుపెట్టిన అధ్యయనం ఒకటుంది. 724 మంది మగవాళ్లను యవ్వనం నుంచి ముసలితనం దాకా చూశారు. అందరూ మగవాళ్లే, అది దానిలో లోటు. ఎనభైలో ఎవరు ఆరోగ్యంగా ఉన్నారని చూస్తే, యాభైలో కొలెస్ట్రాల్ ఎంత అన్నదాని కంటే, యాభైలో తమ అనుబంధాలతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే ఎక్కువ చెప్పింది. మన నలభై దాటిన మగవాళ్లను ఒకసారి తలచుకోండి. మనసు విప్పి మాట్లాడే స్నేహితుడు ఎందరికి ఉన్నాడు? సాయంత్రం కలిసి తాగేవాళ్లు ఉండొచ్చు. అప్పు గురించి, భయం గురించి, బిడ్డ తనతో మాట్లాడట్లేదన్న బాధ గురించి చెప్పుకునే మనిషి ఉన్నాడా? ఆడవాళ్లు కనీసం కూరగాయల బండి దగ్గర, బతుకమ్మ దగ్గర నాలుగు మాటలు చెప్పుకుంటారు.

నడి వయసు సంక్షోభం అనే మాట ఇలియట్ జాక్వెస్ అనే మనోవిశ్లేషకుడు 1965లో వాడాడు. సినిమాల్లో, సీరియళ్లలో దాన్ని చాలా పెద్దది చేశారు. తర్వాత అమెరికాలో పరిశీలిస్తే నిజంగా అట్లాంటి కుదుపు వచ్చేది పది మందిలో ఒకరిద్దరికే అని తేలింది. మన దగ్గర నాకు ఎక్కువగా కనబడేది వేరే. ఇంటర్ పిల్లాడి హాస్టల్ ఫీజు, అత్తగారి మోకాళ్లు, ఇంటి లోన్, ఈ మూడూ ఒకే నెలలో ఒకే మనిషి మీద పడతాయి. 1981లో డొరోతీ మిల్లర్ అనే సామాజిక కార్యకర్త రెండు తరాల మధ్య నలిగే వీళ్లను రొట్టెల మధ్య పదార్థంతో పోల్చింది. తిరగలిలో రెండు రాళ్ల మధ్య పడ్డ గింజ అంటే మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ బరువు ఎక్కువగా నడి వయసు ఆడవాళ్ల మీద పడుతుంది. తల్లిని చూసుకోవడం కొడుకు బాధ్యత అంటాం, చూసేది కోడలు. వారంలో ఒక పూట, ఒక్క పూట ఆమెకు సెలవు ఇవ్వండి. ఆ పూట పక్క గుడ్డలు కొడుకే మార్చాలి. చేతగాదు అనకూడదు. నేర్చుకోవచ్చు, మా మామ మగ్గం నేర్చుకున్నట్టు.

నిద్ర పట్టక, బతకాలనిపించక ఎవరైనా ఉంటే 14416 అనే నంబర్ ఉంది. టెలీ మానస్ అని, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి. మీకు అక్కర్లేకపోయినా ఫోన్‌లో ఉంచుకోండి, ఎవరికి ఎప్పుడు కావాలో తెలియదు.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. చీటీలు చాలా వచ్చాయి, టైం లేదు కాబట్టి రెండు చదువుతాను, మిగతా వాళ్లు తర్వాత నా దగ్గరికి రండి.

మొదటిది. “మా ఆయనకు నలభై తొమ్మిది. అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?” అమ్మా, ఇల్లు ఖాళీ అయిన బాధ తల్లులకే అనుకుంటాం. తండ్రులకు అది ఏడుపుగా రాదు, మౌనంగా వస్తుంది. ఎందుకు మాట్లాడట్లేదని అడగకండి. రాత్రి అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు ముందు ఆయన చేతికివ్వండి. పెళ్లయిన కొత్తలో మీరిద్దరూ కలిసి చేసిన పని ఏదైనా ఒకటి మళ్లీ మొదలుపెట్టండి, భద్రకాళి చెరువు దాకా నడిచినా సరే. రెండు నెలలు దాటినా అట్లాగే ఉండి, తిండి, నిద్ర కూడా తగ్గితే డాక్టరుకు చూపించాలి.

రెండోది. “నాకు యాభై రెండు. స్కూటీ నేర్చుకోవాలని ఉంది. పిల్లలు వద్దంటున్నారు.”

నేర్చుకోండి. మీ అమ్మాయి వారంలో నేర్చుకుంటే మీకు నెల పట్టవచ్చు, ఎక్కువ రోజులు పెట్టుకోండి. ముందు కంటి పరీక్ష చేయించుకోండి. రాత్రి పూట వద్దు, ఎదురుగా వచ్చే లైట్ల వెలుగు ఈ వయసులో కంటిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మోకాలికి బలం కావాలి, ఇందాక చెప్పిన గుంజీలు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. హెల్మెట్ కొత్తది కొనుక్కోండి, అబ్బాయి పాతది కాదు. రోడ్డు మీద ఎవరు ఎప్పుడు అడ్డం వస్తారో మీకు మీ పిల్లల కంటే ఎక్కువ తెలుసు, యాభై ఏళ్లుగా ఈ రోడ్లు చూస్తున్నారు. మొదటి పది రోజులు కాలేజీ గ్రౌండ్‌లో తిప్పండి. ఆదివారం పొద్దున ఆరింటికి నేను అక్కడే నడుస్తుంటాను, వెనక పట్టుకోవడానికి మనిషి కావాలంటే పిలవండి.